పొడవాటి రూట్ కొంటే గిట్టుబాటేనా?

ఈసారి ఉత్తరాల్లో సగం రైళ్ల గురించే. పోయిన సంచికలో ట్రైన్ సిమ్యులేటర్ల మీద నాలుగు ముక్కలు రాశాను, అంతే. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంతమంది రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని రైళ్లు నడుపుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. తిప్పి తిప్పి అందరూ అడిగింది ఒకటే, రూట్ పొడవు చూసి కొనాలా వద్దా అని. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ముందు అసలు గేమ్ కొనాలి, ఆ తర్వాత ఒక్కో రైల్వే లైన్‌ని, అంటే రూట్‌ని, విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాలి, దాన్నే యాడ్ ఆన్ అంటాం. ఇంజన్లు కూడా విడిగా అమ్ముతారు. జేబుకి చిల్లు పడేది అక్కడే.

*

ప్రశ్న: అన్నా, నా దగ్గర ఒక్క రూట్‌కి సరిపడా డబ్బులే ఉన్నాయి. రెండు చూసిపెట్టుకున్నా, రెండింటి రేటూ దాదాపు ఒకటే. ఒకటి 60 కిలోమీటర్లు కూడా లేదు, రెండోది 200 పైన. కిలోమీటరుకి ఎంత పడుతుందని లెక్కేస్తే రెండోదే చవక. మా ఫ్రెండ్ మాత్రం మొదటిదే కొనమని ఒకటే గొడవ. ఎవరి మాట వినాలి?
ఇంజనీరింగ్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ఫ్రెండ్ మాట విను తమ్ముడూ.

నువ్వు వేసిన లెక్క బట్టల కొట్లో పనికొస్తుంది. అక్కడ మొదటి మీటరు గుడ్డ ఎలా ఉంటుందో ఆఖరి మీటరూ అలాగే ఉంటుంది, కాబట్టి మీటరుకి ఎంతని అడగొచ్చు. రైలు దారి అలా ఉండదు. 2020లో ట్రైన్ సిమ్ వరల్డ్ 2 అనే గేమ్ వచ్చినప్పుడు దానితో పాటు మూడు రూట్లు ఇచ్చారు. ఒకటి లండన్ అండర్‌గ్రౌండ్‌లోని బేకర్లూ లైన్, దాదాపు 23 కిలోమీటర్లు. ఇంకోటి జర్మనీలో కొలోన్ నుంచి ఆహెన్ దాకా, సుమారు 70. మూడోది అమెరికాలో శాండ్ ప్యాచ్ అనే కొండ దారి, పొడుగాటి గూడ్సులతో. నీ లెక్క ప్రకారమైతే జర్మనీ రూట్ ముందు లండన్ రూట్ దేనికీ చాలదు. కానీ జర్మనీలో ఐసీఈ అనే హైస్పీడ్ రైలు ఎక్కి 250 స్పీడు అందుకున్నావంటే అరగంట దాటి కాస్త సేపటికి ఆహెన్‌లో దిగిపోతావు. బేకర్లూలో 25 స్టేషన్లు. ప్రతిచోటా ఆపాలి, ప్లాట్‌ఫాం మీద సరిగ్గా గుర్తు దగ్గర ఆపాలి, తలుపులు తెరవాలి, మూయాలి, మళ్లీ కదలాలి. ఆ చివర నుంచి ఈ చివరకి రావడానికి దాదాపు గంట పడుతుంది. అంటే మూడో వంతు పొడవున్న రూట్, ఎక్కువసేపు నడుస్తోంది!

అలాగని పొట్టిదల్లా మంచిదని కూడా నేననను. బేకర్లూలో నడిపేది ఒకే రకం బండి, 1972 స్టాక్ అంటారు. నెల రోజులు మహా సరదాగా ఉంటుంది, ఆ తర్వాత సొరంగాల గోడలు కూడా కంఠతా వచ్చేస్తాయి. అందుకని నేను చూసేది ఇది: ఈ దారిలో ఎన్ని రకాల పనులున్నాయి? లండన్ పాడింగ్టన్ నుంచి రెడింగ్ దాకా ఉన్న రూట్ 58 కిలోమీటర్లే, కానీ అక్కడ నాలుగు పట్టాల లైన్ మీద ఆగకుండా దూసుకుపోయే హెచ్‌ఎస్‌టీ ఎక్స్‌ప్రెస్ ఉంది, అన్ని స్టేషన్లలో ఆగే డీజిల్ లోకల్ ఉంది, క్లాస్ 66 ఇంజన్‌తో గూడ్సు ఉంది. అదే 58 కిలోమీటర్లు ఈ మూడింటిలో మూడు వేరువేరు రూట్లలా అనిపిస్తాయి.

నేను ఈ తెలివి డబ్బు పోగొట్టుకునే తెచ్చుకున్నా. ఒకసారి 200 కిలోమీటర్లు దాటిన రూట్ ఒకటి, ఎవరు తయారుచేశారో చెప్పను గానీ, పొడవు చూసి ఆవురావురుమంటూ కొన్నా. మొదటి 30 కిలోమీటర్లు ముచ్చటేసింది, రాతి వంతెన, పక్కన ఏరు, స్టేషన్ బయట ఆగిన బస్సు కూడా ఉంది. ఆ తర్వాత వాళ్లకే ఓపిక అయిపోయినట్టుంది. ఒక స్టేషన్‌లో ఎర్ర రేకుల షెడ్డు, దాని పక్కన నీళ్ల ట్యాంకు, ట్యాంకు కింద పసుపు చొక్కా వేసుకున్న మనిషి. తర్వాతి స్టేషన్‌లో అదే షెడ్డు, అదే ట్యాంకు, అదే మనిషి. ఆ తర్వాతి దాంట్లోనూ ఆయనే. ఐదో స్టేషన్‌కి వచ్చేసరికి నాకంటే ముందు చేరుకుంటున్నాడని ఆయన మీద గౌరవం పుట్టింది. మధ్యలో ఒకే రకం చెట్టు, మైళ్ల కొద్దీ. రెండోసారి ఆ రూట్ మొత్తం నడిపింది లేదు, మొదటి 30 కిలోమీటర్లే తిరిగి తిరిగి నడిపా. అంటే నేను 30 కిలోమీటర్ల రూట్‌ని 200 కిలోమీటర్ల రేటుకి కొన్నట్టు.

కొనేముందు యూట్యూబ్‌లో ఎవరైనా మొత్తం దూరం నడిపిన వీడియో చూడు. ట్రైలర్ కాదు. వీడియో సరిగ్గా మధ్యకి లాగి ఐదు నిమిషాలు చూడు, ఎందుకంటే తయారుచేసేవాళ్లు మొదలూ చివరా ఎప్పుడూ బాగానే చేస్తారు.

*

ప్రశ్న: రూట్ కొన్నాను, డౌన్‌లోడ్ అయింది, బాగానే నడుస్తోంది. కానీ నెట్‌లో దొరికిన ఒక సినారియో తెరిస్తే సగం రైళ్లు కనపడవు, ఒక్కోసారి అసలు మొదలే కాదు. మోసపోయానా?
తెనాలి పాఠకుడు

జవాబు: మోసం కాదు, చిన్న అక్షరాలు చదవలేదు, అంతే. 2009లో రైల్‌వర్క్స్ పేరుతో మొదలై ఇప్పుడు ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్ అని పిలుస్తున్న గేమ్‌లో ఇది మామూలే. సినారియో అంటే ఒక రూట్ మీద ఎవరో ముందే సిద్ధం చేసి పెట్టిన ఒక ప్రయాణం. సినారియో తయారుచేసినవాడు తన దగ్గరున్న బండ్లన్నీ వాడేస్తాడు. ఆ బండ్లు వేరే యాడ్ ఆన్‌లలోవి. అవి నీ దగ్గర లేకపోతే ఆ పట్టాల మీద ఖాళీయే. సినారియో పేజీలో ఏమేం కావాలో జాబితా ఉంటుంది, అది చూశాకే దించుకోవాలి. రూట్ ధర చూసి చవక అనుకున్నవాళ్లు దానికి కావాల్సిన ఇంజన్లూ పెట్టెలూ కొనేసరికి పెళ్లి కంటే శుభలేఖల ఖర్చు ఎక్కువైన చందాన తయారవుతారు. కాబట్టి రూట్ కొనేటప్పుడు చూడాల్సింది ఇంకోటి కూడా: ఆ ప్యాక్‌లోనే ఎన్ని రకాల బండ్లు ఇస్తున్నారు, వాటితోనే రూట్ నిండుగా ఉంటుందా.

*

ప్రశ్న: నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి మంచి కంప్యూటర్ కొనిచ్చాడు. నాకు విజయవాడ నుంచి మద్రాసు దాకా కూర్చుని వెళ్లినట్టుండే రూట్ కావాలి. మీరేమో పొట్టివాటినే పొగుడుతున్నారు. గంటలో అయిపోయే దానికి నేను కంప్యూటర్ ఎందుకు ఆన్ చెయ్యాలి?
సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, మీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటా. 2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు గానీ, నాకు మాత్రం మీరు గార్డు గారే.

గార్డుకీ డ్రైవర్‌కీ తేడా ఉంది కదా. మా బాబాయి గూడ్సు నడిపి రిటైరయ్యాడు. ఆయన కూడా మొదట మీలాగే మద్రాసు లైన్ ఉందా అని అడిగాడు. లేదులే అని పాడింగ్టన్ రూట్ పెట్టి లోకల్ బండి చేతికిచ్చా. కాసేపటికి ఎదురుగా డబుల్ ఎల్లో సిగ్నల్ వచ్చింది, రెండు పసుపు దీపాలు, వేగం తగ్గించడానికి సిద్ధపడమని. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఉద్యోగంలో చేసినట్టే చెయ్యి పైకెత్తి, ఇల్లంతా వినపడేలా ‘డబుల్ ఎల్లో!’ అని అరిచాడు. వంటింట్లోంచి మా పిన్ని ఏమైందని పరిగెత్తుకొచ్చింది. ఆయన మాత్రం సిగ్నల్ మీంచి కళ్లు తీయలేదు. ఇంతలో క్యాబ్‌లో హారన్ మోగింది. అక్కడ ఏడబ్ల్యూఎస్ అని ఒక ఏర్పాటు ఉంటుంది, పసుపు సిగ్నల్ దగ్గరికి వస్తుంటే హారన్ మోగుతుంది, రెండు మూడు సెకన్లలో బటన్ నొక్కి నేను చూశానని చెప్పకపోతే బండి తనంతట తనే బ్రేకు వేసేస్తుంది. బాబాయికి ఆ సంగతి తెలియదు. బండి ఎమర్జెన్సీలో పడి ఆగిపోయింది. ‘నేను చూశానని అరిచా కదరా, ఇంకా వీళ్లకేం కావాలి?’ అని నా మీద విసుక్కున్నాడు. ఆ 58 కిలోమీటర్లు పూర్తి చెయ్యడానికి ఆయనకి ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పట్టింది, ఆ తర్వాత మద్రాసు లైన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయనకి కావాల్సింది చేతికి పని. మీరు వెనక పెట్టెలో కూర్చుని, జెండా ఊపి, దారి మొత్తం చూసిన మనిషి. మీకు కావాల్సింది ప్రయాణం. అలాంటప్పుడు పొడవే విలువ. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్‌కి 431 కిలోమీటర్లు. తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు, నేల చాలావరకు చదునే. చేతికి పని తక్కువ, చూపుకి పని ఎక్కువ. డబ్బుకి అమ్మే రూట్లలో ఇంత పొడవు అరుదు. కానీ పాత మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ అని 2001లో వచ్చింది, దానికి మన దేశంలోని అభిమానులు మన రూట్లూ మన ఇంజన్లూ ఏళ్ల తరబడి ఉచితంగా తయారుచేసి పెట్టారు. ఓపెన్ రైల్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో అవి చాలావరకు ఇప్పటి కంప్యూటర్ల మీద కూడా నడుస్తాయి. ఒక్క చిక్కుంది, కొన్ని రూట్లకి ఆ పాత గేమ్‌లోని ఫైళ్లు కూడా కావాలి, లేకపోతే పట్టాలు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. మీ అబ్బాయిని ఒక గంట కూర్చోబెట్టి అది సర్దించుకోండి.

బొమ్మలు అందంగా ఉండవు, చెట్లు అట్టముక్కల్లా ఉంటాయి, ముందే చెబుతున్నా. ఇంకోటి, నడక మధ్యలో సేవ్ చేసుకోవడం నేర్చుకోండి. ఆరేడు గంటల ప్రయాణం ఒంగోలు దగ్గర కరెంటు పోయి ఆగిపోతే, మళ్లీ విజయవాడ నుంచి బయల్దేరడానికి మీకు ఓపిక ఉంటుందేమో గానీ, మీ ఇంట్లోవాళ్లకి ఉండదు.

*

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ రామ్. గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఏది కొనాలి?
కృష్ణలంక, విజయవాడ

జవాబు: ఏదీ కొనొద్దు. పైన గార్డు గారికి చెప్పిన ఓపెన్ రైల్సే నీకూ. ట్రైన్ సిమ్ వరల్డ్ లాంటిది ఆ ల్యాప్‌టాప్‌లో పెడితే రైలు కంటే ముందు ఫ్యాన్ స్టార్టవుతుంది.

*

ప్రశ్న: ఆఫర్ల టైమ్‌లో కొంటే మంచిదా? నచ్చకపోతే డబ్బులు వెనక్కిస్తారా?
మరో గుంటూరు పాఠకురాలు

జవాబు: స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో కొంటే రెండింటికీ అవును. ఏడాదిలో నాలుగైదు సార్లు పెద్ద ఆఫర్లు పెడతారు, పాత రూట్లు అప్పుడు బాగా తగ్గుతాయి. దసరాకి చీరల షాపు ముందు నిలబడ్డ ఓపికలో పావు వంతు చాలు. విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే తగ్గినప్పుడు వాళ్లే మెయిల్ పంపుతారు.

వెనక్కివ్వడం గురించి జాగ్రత్తగా వినండి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. యాడ్ ఆన్ కొన్న 14 రోజుల్లోపు అడగాలి, పైగా కొన్నప్పటి నుంచి అసలు గేమ్ ఆడిన సమయం రెండు గంటలు దాటకూడదు. కొత్త రూట్ నడపకుండా పాత రూట్‌లో మూడు గంటలు గడిపినా ఆ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. పొడవాటి రూట్ కొన్నవాళ్లకి ఇది ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ఆ చివరికి చేరేలోపే రెండు గంటలు దాటిపోతాయి, దారి బాగోలేదని తెలిసేసరికి డబ్బు వెనక్కి రాదు. నా పసుపు చొక్కా మనిషి కథ అలాగే ముగిసింది. అందుకని కొనగానే మొదటి స్టేషన్ నుంచి బయల్దేరకండి. మధ్యలో ఏదో ఒక స్టేషన్ నుంచి మొదలయ్యే చిన్న సర్వీస్ ఏదైనా ఎంచుకుని అక్కడ అరగంట నడిపి చూడండి.

*

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్లు. ఇప్పటికే నాలుగు రూట్లు కొనిచ్చాం. పాతవి అయిపోయాయి, ఐదోది కావాలని అన్నం మానేశాడు. రూట్ అయిపోవడమంటే ఏంటండీ?
మంగళగిరి నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, అయిపోవడమంటే ఆ చివర దాకా ఒకసారి నడిపాడని అర్థం. అది అయిపోవడం కాదు, పరిచయం కావడం.

ఐదోది ఇప్పుడే కొనకండి. ఉన్న నాలుగింటిలో ఒకటి తీసి ఈ పనులు చెయ్యమనండి: అదే దారి, వర్షం పెట్టి, రాత్రిపూట. పట్టాలు తడిస్తే చక్రం జారుతుంది, ఎండలో ఆపిన చోట ఆగదు. ఆ తర్వాత అదే దారిలో గూడ్సు. గూడ్సుకి బ్రేకు వెయ్యడమంటే స్కూటర్‌కి వేసినట్టు కాదు. బండి పొడవునా ఒక పైపులో గాలి నింపి ఉంటుంది, మన రైళ్లలో 5 కేజీల ప్రెషర్, ఆ గాలి తగ్గిస్తేనే బ్రేకులు పడతాయి. తగ్గడం ముందు నుంచి వెనక్కి పెట్టె పెట్టెకీ పాకుతూ వెళ్లాలి, కాబట్టి ఇక్కడ లాగిన చాలాసేపటికి గానీ బండి మొత్తం మాట వినదు. మీవాడు స్టేషన్ దాటి ఎక్కడో ఆగుతాడు, చూడండి. ప్లాట్‌ఫాం దగ్గర సరిగ్గా ఆపడం వరసగా మూడుసార్లు చేసి చూపించిన రోజున ఐదోది కొనిస్తానని చెప్పండి. నా అంచనా ప్రకారం మీకు వేసవి సెలవుల దాకా ఖర్చు లేదు. అన్నం సంగతి మాత్రం నాకు తెలియదు, ఆకలేస్తే వాడే తింటాడు.

*

ప్రశ్న: అందరూ లండన్, జర్మనీ అంటారు. మన విజయవాడ-గుంటూరు ఎవరూ ఎందుకు చెయ్యరు? 32 కిలోమీటర్లే కాబట్టి ఎవరూ కొనరని భయమా?
తాడేపల్లి

జవాబు: ఈ ఉత్తరం చూసి రాత్రి నిద్రపట్టలేదు, నిజం. కాగితం తీసుకుని రూట్ గీసుకుంటూ కూర్చున్నా.

32 కిలోమీటర్లు ఒక్కటే చేస్తే, అవును, కొంచెం పలచగానే ఉంటుంది. విజయవాడ, కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, గుంటూరు. కానీ గుంటూరులో ఆగిపోకుండా అక్కడి నుంచి తెనాలి లైన్ కూడా కలిపితే? అది ఇంకో పాతిక కిలోమీటర్లు. తెనాలి నుంచి దుగ్గిరాల మీదుగా తిరిగి కృష్ణా కెనాల్, అక్కడి నుంచి విజయవాడ, ఇంకో 32. మూడూ కలిపితే సుమారు 90 కిలోమీటర్ల త్రికోణం. బయల్దేరిన స్టేషన్‌కే వెనక్కి రావచ్చు, ఎటు నుంచి ఎటైనా తిరగొచ్చు. అదే 90 కిలోమీటర్లు తిన్నగా గీస్తే ఒక గీత, ఇలా మడిస్తే ఎన్ని సర్వీసులో చూడు. చెన్నై వైపు పోయే పినాకిని ఎక్స్‌ప్రెస్ తెనాలి మీదుగా పోతుంది. పల్నాడు వైపు నుంచి గుంటూరు మీదుగా సిమెంట్ గూడ్సులు. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె పాసింజర్. హైదరాబాద్ వైపు, విశాఖ వైపు, మచిలీపట్నం వైపు నుంచి వచ్చేవన్నీ విజయవాడలో కలిసి, 10 ప్లాట్‌ఫాంల కోసం పోటీ పడతాయి.

నన్నడిగితే కష్టమంతా దూరంలో లేదు, ఆ విజయవాడ యార్డులోనే ఉంది. స్టేషన్‌కి అటూ ఇటూ రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న, బండి పట్టాలు మారే పాయింట్లూ సిగ్నళ్లూ సరిగ్గా పెట్టడానికి పట్టే టైమ్‌లో చదును నేల మీద చాలా దూరం పట్టాలు వేసెయ్యొచ్చు. కొనేవాడికి కిలోమీటర్ల అంకె కనపడుతుంది గానీ, ఆ యార్డ్ కనపడదు. అందుకే తయారుచేసేవాళ్లు పట్టాలు పొడిగిస్తారు, యార్డులు తగ్గిస్తారు. పైగా మన దగ్గర డబ్బుపెట్టి కొనేవాళ్లు ఎంతమంది ఉంటారోనని కంపెనీలకి అనుమానం, అది కాదనలేం.

ఎవరైనా కుర్రాళ్లు సరదాకైనా దీన్ని మొదలుపెడితే నాదొక్కటే కోరిక. గుంటూరు నుంచి వస్తూ కృష్ణా కెనాల్ దాటాక, వంతెన ఇవతలే ఎర్ర సిగ్నల్ పెట్టండి. విజయవాడ అవుటర్‌లో బండి ఆగకపోతే అది ఈ లైనే కాదు. కుడివైపు బ్యాగులు సర్దుకుని నిలబడ్డవాళ్లు, తలుపు దగ్గర సెల్‌లో ‘వచ్చేశా, అవుటర్‌లో ఉన్నా’ అని చెప్పేవాళ్లు, పల్లీలమ్మే అతను, బయట ఎండ, ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో బండి ఒక్క మీటరు కూడా కదలదు. అలా చేస్తే మాత్రం మొదట కొనేది నేనే.